అడగకుండా పెట్టిన ఫోటో

మొన్న ఒక పని మీద సిద్దిపేట కోర్టుకు వెళ్ళాను. నేను ప్రాక్టీసు మానేసి నాలుగేళ్ళయినా, బార్ రూములో కూర్చుంటే ఎవరో ఒకరు పలకరించడానికి వస్తారు. ఈసారి వచ్చింది కొత్తగా వీసా కేసులు మొదలుపెట్టిన ఒక యువ న్యాయవాది. ఫోన్ తీసి ఫేస్‌బుక్‌లో తన పేజీలోని ఒక ఫోటో చూపించాడు. వీసా అంటించిన పాస్‌పోర్టు తెరిచి పట్టుకుని ఒక ఆడమనిషి నిలబడింది. పక్కనే ఇతను నవ్వుతున్నాడు. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అన్నీ చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయి.

"ఇది పెట్టొచ్చా అని ఆమెను అడిగినవా?" అన్నాను.

"ఫోటో దిగెటప్పుడు నవ్వింది గద మేడం," అన్నాడు.

ఆ మాటకు వచ్చిన కోపం ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నా తగ్గలేదు. పాపం అతను నిమిత్తమాత్రుడు. ఆ కోపం తెలంగాణ ఉద్యమం రోజుల నుంచి నాలో ఉంది. అందులో కొంత మా సీనియర్ మీద, ఎక్కువ నా మీద. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు చదువుతారని దాన్ని ఇక్కడ రాస్తున్నాను. నాకు ఎవరు శాలువా కప్పారో, ఏ కమిటీలో వేశారో ఇందులో ఉండదు.

పాస్‌పోర్టు వకీలమ్మ

నగరంలో ఇమిగ్రేషన్ లాయరు అంటే అద్దాల గది, చదువుకోవడానికి వెళ్ళే పిల్లలు గుర్తొస్తారు. సిద్దిపేటలో నా దగ్గరికి వచ్చినవాళ్ళు వేరు. బోరు ఎండిపోయిన రైతులు, మగ్గం నడవని దుబ్బాక నేతపనివాళ్ళు, మేస్త్రీలు, ఇంటిపనికి పోయిన ఆడవాళ్ళు. అందరూ గల్ఫ్ దారి పట్టినవాళ్ళే. యజమాని పాస్‌పోర్టు గుంజుకున్నాడని ఒకరు, పని వీసా అని చెప్పి చుట్టపుచూపు వీసా మీద పంపారని ఇంకొకరు, శవం ఎప్పుడొస్తుందని మరొకరు. జనం నన్ను పాస్‌పోర్టు వకీలమ్మ అనేవాళ్ళు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

నేను సిద్దిపేటలో ఉంటూ, హైదరాబాదులోని ఒక సీనియర్ కింద పనిచేసేదాన్ని. సిద్దిపేట కేసులు నేను చూసి కాగితాలు తయారుచేస్తే, ఎంబసీలతో, హైకోర్టుతో ఆయన వ్యవహరించేవారు. పేరు రాయను, సీనియర్ అనే అంటాను. పని తెలిసిన మనిషి. వీసా ముద్రను ఎలా చదవాలో, ఏజెంటు ఇచ్చిన ఒప్పందంలో మోసం ఏ వాక్యంలో దాక్కుంటుందో నాకు నేర్పింది ఆయనే.

ఫేస్‌బుక్ అందరి ఫోన్లలోకి వస్తున్న రోజుల్లో ఆయన ఒక పేజీ తెరిచారు. మొదట్లో దానివల్ల మేలే జరిగింది. లేబర్ క్యాంపులో ఉన్న మనిషి తన అనుమానం తెలుగులో రాస్తే, ఏజెంటు నోటి నుంచి కాకుండా వకీలు నోటి నుంచి జవాబు వచ్చేది. ఎన్నో మోసాలు అలా ఆగాయి. తర్వాత ఉద్యమం ఊపందుకుంది. సీనియర్ నల్లకోటుతోనే ధర్నాల్లో కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను, అందుకు ఈనాటికీ గర్వపడతాను. కానీ ఆ పేజీలో వీసా సలహాలు తగ్గుతూ వచ్చాయి, ఆయన ఫోటోలు పెరుగుతూ వచ్చాయి. క్లయింటుకు ఏం కావాలో చూసే కన్ను మెల్లగా, ఏది పెడితే జనం మెచ్చుకుంటారో చూసే కన్నుగా మారింది.

నాకు బుద్ధి రావలసిన మొదటి సంగతి దుబ్బాకలో జరిగింది. ఒక నేతపనివాడు పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఒకరోజు రాస్తారోకోలో సీనియర్ పక్కన జెండా పట్టుకుని నిలబడితే, 'మా క్లయింటు, ఉద్యమ వీరుడు' అని ఆ ఫోటో మా పేజీలో వేశారు. కొన్ని వారాలకు అతని పోలీసు విచారణ రిపోర్టు వ్యతిరేకంగా వచ్చింది. అతని మీద ఒక్క కేసు కూడా లేదు. నేను స్టేషనుకు వెళ్ళి గట్టిగా అడిగితే, హెడ్ కానిస్టేబుల్ ఫైలు తెరిచి మా పేజీ ప్రింటు నా ముందు పెట్టాడు.

"మేం దీసిన ఫోటో కాదమ్మా. మీ సారే పెట్టిండు," అన్నాడు.

రిపోర్టు మార్పించడానికి నెలలు పట్టింది. ఈలోపు అతనికి రావలసిన పని ఇంకొకరికి పోయింది. నేను సీనియర్‌కు చెప్పాను. "ఒక్క పాస్‌పోర్టు కోసం ఉద్యమాన్ని దాచుకుంటమా?" అన్నారాయన. చాలా గొప్ప మాటలా వినిపించింది. పాస్‌పోర్టు ఆయనది కాదు కదా అని నాకు అప్పుడు తట్టలేదు. నోరు మూసుకున్నాను.

టెంటు ముందు రాజవ్వ

సకల జనుల సమ్మె నాటి సంగతి ఇది. బస్సులు లేవు, బడులు లేవు. మేము కోర్టులు బహిష్కరించి ఎదురుగా టెంటు వేసుకుని దీక్షలో కూర్చున్నాం. ఒక మధ్యాహ్నం ఒక ముసలామె ఎండలో నడుచుకుంటూ వచ్చి టెంటు ముందు నిలబడింది. "పాస్‌పోర్టు వకీలమ్మ ఎవరు?" అని అడిగింది. ఆమె రాజవ్వ. కుకునూరుపల్లి దాకా ఎవరి బండి మీదో వచ్చి, అక్కడి నుంచి దొరికిన ట్రాక్టరెక్కి సిద్దిపేట చేరింది.

ఆమె కోడలు బాలమణి ఇంటిపనికి గల్ఫ్ పోయింది. అంజయ్య అనే ఏజెంటు పంపాడు. మొదట రెండుసార్లు ఫోన్ చేసింది, తర్వాత లేదు. రాజవ్వ చీర కొంగు విప్పి ఒక చీటీ తీసి ఇచ్చింది. అందులో ఒక ఫోన్ నంబరు ఉంది. బాలమణి పనిచేసే ఇంటి పక్కింట్లో డ్రైవరుగా ఉన్న జహంగీర్‌ది. అతనిది సిద్దిపేటే. ఫోన్లో అతను తెలుగు మాట్లాడుతుంటే విని బాలమణి గోడ అవతలి నుంచి పిలిచిందట. అతనే రాజవ్వకు కబురు చేశాడు.

"ఇస్త్రీపెట్టెతోటి చెయ్యి గాల్చిన్రట బిడ్డా. తిండి గూడ పెడ్తలేరట," అంది రాజవ్వ. "నేనే పంపిన. నా కొడుకు పనికొచ్చెటోడు గాదు, ఇల్లు నడవాలంటే నువ్వే పోవాలె అని నేనే అన్న."

"కోర్టులు నడుస్తలేవమ్మా, సమ్మె అయినంక చూద్దాం," అన్నాను.

రాజవ్వ టెంటులో కూర్చున్న మా అందరినీ ఒకసారి చూసింది. "మా ఊర్ల నేను గూడ రోడ్డు మీద వంటజేసిన బిడ్డా, తెలంగాణ రావాలనే. కాని అన్నం ఉడికెదాంక పిల్లలను ఏడ్వనిస్తమా?" అంది.

లేచి చెప్పులు వేసుకుని ఆమెను మా ఇంటికి తీసుకువెళ్ళాను. అక్కడి నుంచే జహంగీర్‌కు ఫోన్ చేశాను. ఎంబసీకి పంపడానికి గాయం ఆధారం కావాలి, ఒక ఫోటో దొరుకుతుందా అని అడిగాను. అడిగింది నేనే. ఇది మరిచిపోకండి.

మూడు రోజులకు ఫోటో వచ్చింది. చెత్త పారేయడానికి బాలమణి గేటు బయటికి వచ్చినప్పుడు జహంగీర్ తాను నడిపే కారులో కూర్చునే తీశాడు. ఆమె చెయ్యి చాపి, చేతి మీది కొంగు తీసి చూపింది. మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ. ముఖం పూర్తిగా కనిపిస్తోంది. ఫోటో ఎందుకని ఆమె అడిగితే "వకీలమ్మకు, ఎంబసీకి" అని చెప్పాడట. ఆమె ఒప్పుకున్నది అంతవరకే.

అందరూ మెచ్చుకున్న రోజు

ఫోటోను వినతిపత్రానికి జతచేయమని సీనియర్‌కు మెయిల్ చేశాను. బయట పెట్టవద్దని ఒక్క వాక్యం రాయలేదు. దుబ్బాక సంగతి తెలిసి కూడా రాయలేదు.

మర్నాడు పొద్దున్నే నా ఫోన్ మోగడం మొదలైంది. మా పేజీ నిండా బాలమణి. పైన పెద్ద అక్షరాలతో 'ఎడారిలో తెలంగాణ ఆడబిడ్డ కన్నీళ్ళు' అని రాసి ఉంది. ఊరి పేరు, పూర్తి పేరు, పనిచేసే పట్నం పేరు అన్నీ ఉన్నాయి. కింద సీనియర్ పేరు, ఆ కింద 'మా సిద్దిపేట ప్రతినిధి' అని నా పేరు. ఉద్యమ గ్రూపులన్నీ దాన్ని పంచుకున్నాయి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు పంచుకున్నారు. దీక్షా శిబిరంలో తోటి వకీళ్ళు లేచి వచ్చి నా చెయ్యి కలిపారు. దుబ్బాక ఫైలులోని ప్రింటు గుర్తొచ్చిన మాట నిజం. అయినా నా పేరు చూసుకుని నేను కూడా పంచుకున్నాను.

రెండు రోజుల తర్వాత సీనియర్ సిద్దిపేట వచ్చారు. రాజవ్వను పిలిపించి వేదిక ఎక్కించారు. మైకు నోటి దగ్గర పెడితే ఆమె "నా కోడలిని తెచ్చియ్యిన్రి" అని ఒక్క మాట అంది. జనం జై తెలంగాణ అన్నారు. ఆమె కూడా చెయ్యెత్తి అంది. మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుంది.

"గిదంత బాలమణికి ఎర్కేనా బిడ్డా?"

"ఎర్కైతది అవ్వా. సంబురపడ్తది," అన్నాను.

నా ముప్పై ఏళ్ళ వృత్తిలో క్లయింటుకు ఎన్నో జవాబులు ఇచ్చాను. కొన్ని తప్పయ్యాయి. ఇంత సిగ్గులేని జవాబు ఇంకొకటి ఇవ్వలేదు.

ఆ మర్నాటి నుంచి జహంగీర్ ఫోన్ పలకలేదు.

కారు అద్దం

మూడు వారాల తర్వాత జహంగీరే మా ఇంటికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, గడ్డం మాసి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మా పేజీలోని ఫోటోను కాగితం మీద ప్రింటు తీయించుకుని తెచ్చాడు. దాన్ని నా బల్ల మీద పరిచి, పై మూల మీద వేలు పెట్టాడు.

"గీడ జూడున్రి మేడం."

చూశాను. మూలలో కారు లోపలి అద్దం అంచు, దానికి వేలాడుతున్న ఆకుపచ్చ పూసల జపమాల.

"నా పేరు మీరు రాయలే. మంచిదే. కాని నా తస్బీ జూపిచ్చిన్రు. మా సేఠ్ కొడుక్కు ఎవడో ఫోన్ల జూపిచ్చిండట. ఆ బండి మనదే గద అన్నడట. గంటల నా తాళాలు గుంజుకున్నరు. పదకొండేండ్ల నౌకరి మేడం."

"బాలమణి?"

"గేటు మీద ఇంటి నంబరు గూడ పడ్డది, జూడలేదా మీరు? అదే రోజు ఆమెను బండ్ల ఎక్కిచ్చి ఎటో దీస్కపోయిన్రు. నేను గోడ ఇవతల్నే ఉన్న. నన్ను పేరు వెట్టి పిలిచింది. నేను పలుకలే." ప్రింటును బోర్లా తిప్పి పెట్టాడు. "ఆమె ఏమనుకుంటదో తెల్సా? ఫోటో నేనే అమ్ముకున్న అనుకుంటది."

నేను ఆ ఫోటోను అప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. గాయం చూశాను, ముఖం చూశాను, కింద నా పేరు చూసుకున్నాను. గేటు మీది నంబరు చూడలేదు, అద్దం చూడలేదు. ఒప్పందంలో చుక్క తేడా వస్తే పట్టుకునే వకీలును, ఫోటోను ఒక కాగితంలా చదవాలని నాకు తోచలేదు.

అతను ఉండగానే సీనియర్‌కు ఫోన్ చేశాను. వెంటనే తీసెయ్యమన్నాను.

"ఇప్పుడు తీస్తే భయపడ్డమంటరు. ఇన్ని వేల మంది కదిలిన్రు," అన్నారు.

"వాళ్ళు కదిలిన్రు సార్. ఆమె కనపడకుండ పోయింది."

"నువ్వు ఎమోషనల్ అయితున్నవు," అని ఫోన్ పెట్టేశారు. ఆడ న్యాయవాది నిజం మాట్లాడితే మగ న్యాయవాదులు వాడే మాట అది. ఎన్నిసార్లు విన్నానో.

నేను పంచుకున్నది తీసేశాను. నేను తీసేసినందువల్ల ఏమీ మారలేదు.

చప్పుడు లేకుండా వెతకడం

సమ్మె ముగిసింది, కోర్టులు తెరుచుకున్నాయి. అంజయ్య మీద ఫిర్యాదు ఇవ్వడానికి స్టేషనుకు వెళితే ఎస్సై చేతులు జోడించాడు. "అందరం బందోబస్తుల ఉన్నం మేడం. వాడు ఊర్ల లేడు. దొరికినప్పుడు చూద్దాం." ఎంబసీకి రాస్తే ఆమె ఇప్పుడు ఎక్కడుందో చిరునామా ఇవ్వమన్నారు. ఆ చిరునామాను పోగొట్టింది మేమే.

అప్పుడు మొదలుపెట్టాను, ఒక వకీలు సోషల్ మీడియాతో చేయవలసిన అసలు పని. అది రాసే పని కాదు, చదివే పని. అంజయ్య ఊళ్ళో లేకపోయినా ఫేస్‌బుక్‌లో ఉన్నాడు. విమానాశ్రయంలో తాను పంపుతున్న మనుషుల పక్కన నిలబడి దిగిన ఫోటోలు ఎవరైనా చూసేలా పెట్టుకున్నాడు. దొంగపేరుతో ఖాతా తెరిచి అతనితో స్నేహం కలపమని ఒక తోటి వకీలు సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. అబద్ధమాడి తెచ్చిన సాక్ష్యం రేపు కోర్టులో మన మెడకే చుట్టుకుంటుంది. బయట కనిపించేదే చూశాను. అతని ఫోటోలను మెచ్చుకుంటున్నవాళ్ళ పేజీలు ఒక్కొక్కటీ తెరిచాను. వాళ్ళలో ఒకడు ఆ దేశంలో పనిమనుషులను ఇళ్ళకు సరఫరా చేసే ఆఫీసు నడుపుతున్నాడు.

జహంగీర్ రోజూ పొద్దున వచ్చేవాడు. నా మీద కోపం పోలేదు, ఆ మాట దాచుకోలేదు కూడా. అయినా వచ్చేవాడు. బోర్డుల మీది అరబ్బీ రాతలు చదివి చెప్పేవాడు. కరెంటు పోయేలోపు చూడగలిగినన్ని చూసేవాళ్ళం. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. దాదాపు రెండు నెలలు గడిచాయి.

ఒకరోజు ఆ ఆఫీసువాడు కొత్త ఫోటో పెట్టాడు. ఆఫీసులో కేకు కోస్తున్నారు. వెనకాల గోడకు ఒక బల్ల, దాని మీద ముగ్గురు ఆడవాళ్ళు. చివరి ఆమె తలకు గుడ్డ చుట్టుకుని ముఖం పక్కకు తిప్పుకుంది. చేతికి కట్టు ఉంది. జహంగీర్ తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. "ఆమె లెక్కనే ఉన్నది మేడం. కాని కసమేసి చెప్పలేను," అన్నాడు.

రాజవ్వకు కబురు పంపాను. ఆమె వచ్చి కొంగుతో కళ్ళు తుడుచుకుని చూసింది. ముఖం వైపు చూడనే లేదు, కాళ్ళు చూసింది.

"గిది మా బాలమణే. ఎడమ పాదం మీద కుడి పాదం ఏసి గట్లనే కూసుంటది. కూలికాడ గూడ గట్లనే," అంది.

ఈసారి ఎవరికీ చెప్పలేదు. సీనియర్‌కు అసలే చెప్పలేదు. పేజీ చిరునామా, తేదీ, సమయం కనపడేలా ప్రింట్లు తీసి, మరో ఇద్దరు న్యాయవాదుల చేత సాక్షి సంతకాలు పెట్టించాను. ఆ ఆఫీసు బోర్డు మీది పేరుతో ఎంబసీకి పంపాను. ఇంతలో అంజయ్య తన గొప్ప తానే చాటుకున్నాడు. సిద్దిపేటలోనే ఒక పెళ్ళిలో, ఫంక్షన్ హాలు పేరుతో సహా, నవ్వుతూ దిగిన ఫోటో పెట్టాడు. ఆ ప్రింటు తీసుకుని నేరుగా ఎస్సై ముందు పెట్టాను.

"ఊర్ల లేడన్నరు గద సార్. ఇంకా భోజనాలు అయిపోలే. పదండి," అన్నాను.

ఎస్సై లేవక తప్పలేదు. స్టేషనులో అంజయ్య మొదట ఆమె ఎవరో తెలియదన్నాడు. కేకు ఫోటో, దాని కింద అతను పెట్టిన లైకు చూపించేసరికి నీళ్ళు నమిలాడు. అక్కడి నుంచే ఆ ఆఫీసుకు ఫోన్ చేయించాం. అటు ఎంబసీవాళ్ళు కూడా వెళ్ళారు. నెల దాటాక బాలమణి తాత్కాలిక ప్రయాణ పత్రం మీద విమానం ఎక్కింది.

విమానాశ్రయంలో

నేను, రాజవ్వ, జహంగీర్ ఒక జీపులో వెళ్ళాం. బయటికి వచ్చే ద్వారం దగ్గర సీనియర్ ముందే నిలబడి ఉన్నారు. చేతిలో పూలదండ, వెనక ఇద్దరు కెమెరావాళ్ళు, ఒక బ్యానరు. ఎంబసీలో ఆయనకు తెలిసినవాళ్ళు ఎవరో చెప్పి ఉంటారు.

బాలమణి వచ్చింది. ఫోటోలో చూసిన మనిషిలో సగమే ఉంది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. కెమెరాలు చూడగానే ఆగిపోయి, తలమీది గుడ్డను ముఖం మీదికి లాక్కుంది. సీనియర్ దండ పట్టుకుని ముందుకు నడిచారు. "బిడ్డా, ఒక్కసారి ఇటు చూడు," అన్నారు.

రాజవ్వ ఆయనకు అడ్డం వచ్చింది. "ఫోటోలేంది సారు. ఆమె తిన్నదా లేదా అడిగినవా?"

ఆయన ఆమెను పక్కకు తప్పించబోయారు. అప్పుడు నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. పద్నాలుగేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను, ఆయన మాటకు ఎదురు చెప్పింది ఒక్కసారే, అదీ ఫోన్‌లో. కెమెరాలకు అడ్డంగా నిలబడి, వెళ్ళిపొమ్మన్నాను.

"ఏం చేస్తున్నవో ఎర్కేనా నీకు?" అన్నారు.

"ఆలస్యంగ ఎర్కైంది సార్," అన్నాను.

మర్నాడు ఫైళ్ళన్నీ ఆయనకు పంపేసి, సొంతంగా బోర్డు పెట్టుకున్నాను. దానివల్ల నష్టపోయానా అని అడుగుతుంటారు. కేసులు తగ్గాయి. నిద్ర పట్టింది.

జీపులో బాలమణి రాజవ్వ ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది. ప్రజ్ఞాపూర్ దాటాక లేచి, ముందు సీట్లో ఉన్న జహంగీర్‌ను చూసింది.

"భయ్యా, ఆ ఫోటో నువ్వే ఇచ్చినవా అందరికి?"

జహంగీర్ వెనక్కి తిరగలేదు. నేనే చెప్పాను. అంతా చెప్పాను, నా పేరు చూసుకుని మురిసిపోయిన సంగతితో సహా. ఆమె విన్నది. ప్లాస్టిక్ సంచి ఒళ్ళోకి లాక్కుని అంది.

"ఆ ఇంటోళ్ళు నన్ను గొట్టెటప్పుడు ఆ ఫోటోనే ముంగట వెట్టి గొట్టిన్రు మేడం. నాకేమో అది ఎట్లొచ్చిందో తెల్వది. ఒక్కళ్ళకన్న నన్ను అడగాలనిపియ్యలేదా?"



కోర్టులో ఏమైంది

అంజయ్య కేసు ఏళ్ళు నడిచింది. ఈలోపు రాష్ట్రం వచ్చింది. కేసు చివరికి వచ్చేసరికి అతని వకీలు లేచి, నేను దాఖలు చేసిన ఫేస్‌బుక్ ప్రింట్లకు చట్టప్రకారం ఉండవలసిన ధ్రువపత్రం లేదన్నాడు. నిజమే, లేదు. కంప్యూటరు నుంచి తీసిన సాక్ష్యానికి అది కావాలని చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. మా దగ్గర ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, నేనూ పట్టించుకోలేదు. పై కోర్టులు కచ్చితంగా ఉండడం మొదలయ్యాక ఆ లోపమే కేసును తినేసింది. అంజయ్య బయటికి నడిచాడు. ఇద్దరు సాక్షుల సంతకాలు చాలనుకున్న నా అతితెలివి అతన్ని కాపాడింది. ఆ కాగితం ఎలా రాయాలో ఇవాళే నేర్చుకోండి. తర్వాత చేద్దామనుకుంటే నాలాగే అవుతారు.

ఇక ఆ ఫోటో. సీనియర్‌కు బాలమణి తరఫున లీగల్ నోటీసు పంపాను. ఆయన పేజీ నుంచి తీసేశారు. అప్పటికే అది వేరే ఎన్నో పేజీల్లో ఉంది. బాలమణి మా ఆఫీసుకు వచ్చి నా పక్కన కూర్చునేది. ఆమెకు చదవడం రాదు, తన పసుపు చీరను గుర్తుపట్టి తెర మీద వేలు పెట్టేది. ఆ పేజీలవాళ్ళకు ఒక్కొక్కరికీ తీసెయ్యమని రాశాం. కొందరు క్షమించమని తీసేశారు. కొందరు పలకలేదు. ఒకాయన 'ఉద్యమ చరిత్రను చెరిపేస్తారా' అని నన్ను తిట్టాడు. ఎవరి చెయ్యి కాలితే ఎవరి చరిత్ర అయ్యిందో ఆయన్ని అడగాలనిపించింది. రాష్ట్రం వచ్చిన రోజున మనకు ముఖపరిచయం కూడా లేనివాళ్ళు ఆ ఫోటోను మళ్ళీ పంచుకున్నారు. ఊరంతా పటాకులు కాలుస్తుంటే బాలమణి ఇంట్లో కూర్చుందని రాజవ్వ చెప్పింది. ఆ రోజు కోసం నేను కూడా ఏళ్ళ తరబడి ఎదురుచూశాను. ఆ సంతోషంలో ఒక ముల్లు గుచ్చినందుకు వాళ్ళను నేను క్షమించలేదు.

తర్వాత నా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టాను. వకాల్తా మీద సంతకం వేరు, ఫోటో మీద అనుమతి వేరు. ఎవరికి పంపుతామో, ఎవరు చూస్తారో, ఒకసారి బయటికి పోతే తిరిగి రాదనే మాటతో సహా చదివి వినిపించేదాన్ని. చాలామంది వద్దన్నారు. నవ్వుతూ ఫోటో దిగినవాళ్ళు కూడా వద్దన్నారు.

అనుమతి

ఇది రాసేముందు బాలమణి దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడామె కూలికి పోవడం లేదు. కుట్టుమిషను పెట్టుకుంది. రాజవ్వ పోయి మూడేళ్ళయింది. జహంగీర్ సిద్దిపేటలో ఆటో నడుపుతున్నాడు. నేను రాస్తానంటే "రాయున్రి, కాని అద్దాలు జూస్కొని రాయున్రి," అన్నాడు.

నేను రాయబోయేదంతా బాలమణికి చదివి వినిపించాను. ఆమె మిషను ఆపి విన్నది. ఒకచోట మళ్ళీ చదవమంది, జీపులో తను అడిగిన మాట దగ్గర.

"నా పేరు మార్చు మేడం. ఊరి పేరు రాయకు," అంది. "అత్త పేరు మార్చకు. ఆమెకు తన పేరంటే పానం. ఉంటే నలుగురికి జూపిచ్చుకుంటుండె."

"సరే," అన్నాను. "కొన్నిచోట్ల మరీ కోపంగ ఉన్నట్టున్నది. తగ్గించన్నా?"

ఆమె సూది కింద గుడ్డ సవరించుకుంది. చెయ్యి చాపినప్పుడు మచ్చ కనిపించింది.

"తగ్గియ్యకు," అంది. "నాకింకా పోలే."